పేరు పెట్టినంత మాత్రాన పాత్ర పుట్టదు

కథలోని మనిషికి రహీమ్ అని పేరు పెట్టి, తలకు టోపీ తొడిగి, పండుగనాడు షీర్‌ఖుర్మా తినిపించినంత మాత్రాన అతనిలో ప్రాణం కదలదు. అవి ఆనవాళ్లు మాత్రమే. అతనికి ఏమి కావాలి? దానికి అడ్డుగా ఉన్నదేమిటి? రెండింటిలో ఒకటే దక్కే వేళ దేనిని వదులుకుంటాడు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతనే పాత్ర పుడుతుంది.

ప్రేమ్‌చంద్ హిందీ కథ 'ఈద్‌గాహ్'ను మనలో చాలామందిమి చదివే ఉంటాము. హామిద్ నాలుగైదేళ్ల పసివాడు. తల్లిదండ్రులు లేరు. దాదీ అమీనాయే దిక్కు. పండుగ సంతకు వెళ్లిన అతని చేతిలో ఉన్నవి మూడు పైసలే. తోటి పిల్లలు మట్టి సిపాయిని, భిశ్తీని, వకీలును కొనుక్కుంటారు, మిఠాయిలు తింటారు. హామిద్ మాత్రం ఇనుప సామాను దుకాణం ముందు ఆగుతాడు. పెనం మీది రొట్టె తీసేటప్పుడు దాదీ వేళ్లు కాలడం అతనికి గుర్తుకు వస్తుంది. ఆరు పైసలు చెప్పిన చిమ్టాను బేరమాడి మూడు పైసలకు కొంటాడు.

ఇక్కడ మనం గమనించవలసింది హామిద్ మంచితనాన్ని కాదు, ఆ మంచితనాన్ని రచయిత నమ్మించిన తీరును. హామిద్‌కు బొమ్మల మీద ఆశ ఉంది. వాటిని పైకి తీసిపారేస్తూనే ఒక్కసారి చేతిలోకి తీసుకోవాలని తహతహలాడతాడు. చిమ్టా కొన్న తరువాత దాని గొప్పలు చెప్పి స్నేహితులను వాదనలో ఓడిస్తాడు. దాదీ సైతం చిమ్టాను చూడగానే మురిసిపోదు. మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా ఇది తెచ్చావా అని ముందు కోప్పడుతుంది, ఆ తరువాతే కరిగిపోతుంది. ఆశ, అతిశయం, కోపం ఉన్నందువల్లనే వారిద్దరూ మన ఇంటి మనుషుల వలె కనిపిస్తారు.

మన యువ రచయితలు తరచుగా ఇక్కడే తడబడుతున్నారు. నీతి చెప్పాలన్న తొందరలో ఏ దోషమూ లేని మంచివారిని, ఏ మంచీ లేని చెడ్డవారిని సృష్టిస్తున్నారు. ఇతరుల కథలలో మనవారు టోపీలుగా, బురఖాలుగా మాత్రమే మిగిలిపోతున్నారని మనం బాధపడతాము. మన కలం నుండి కూడా ఆనవాళ్లే వెలువడితే ఆ బాధ తీరేదెలా?

ఈ నెల అభ్యాసానికి కొన్ని సన్నివేశాలను సూచిస్తున్నాము. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్కొక్కరు ఒకటి ఎంచుకోవచ్చు.

ఒకటి: రేపే పండుగ. దర్జీ వద్ద మూడు జతలు మిగిలాయి. తెల్లవారేలోగా రెండే పూర్తవుతాయి. ఒకటి రెట్టింపు కూలి ఇచ్చినవారిది, ఒకటి ముందుగా అడిగిన పేద పొరుగింటిది, మూడవది అతని సొంత బిడ్డది.

రెండు: గల్ఫ్‌లోని కొడుకు, ఊళ్లోని తల్లి ఫోనులో మాట్లాడుకుంటున్నారు. ఇద్దరూ ఒక్కొక్క సంగతి దాస్తున్నారు. ఆ సంగతులను చెప్పకుండానే పాఠకునికి తెలియజేయండి.

మూడు: కూతురికి దూరపు పట్టణంలో కాలేజీ సీటు వచ్చింది. తండ్రి ఒప్పుకోవడం లేదు. అతనిని కఠినుడిగా చూపకుండా, అతని భయాన్ని అతని వైపు నుండే రాయండి.

నాలుగు: ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు మాట్లాడే స్త్రీ ఒకే విషయాన్ని రెండుచోట్లా చెప్పాలి. ఏ చోట ఆమె మాట మెత్తబడుతుంది, ఏ చోట గట్టిపడుతుంది?

రాయడం పూర్తయిన తరువాత పాత్రల పేర్లను వదిలేసి, సంభాషణలను ఇంట్లోవారికి చదివి వినిపించండి. ఏ మాట ఎవరిదో వారు పోల్చుకోగలిగితే మీ పాత్రలు నిలబడినట్లే. పోల్చుకోలేకపోతే కథను చింపివేయకండి. పైన చెప్పిన మూడు ప్రశ్నలను ఒక్కొక్క పాత్రనూ మళ్లీ అడగండి.