మన జబ్బు దగ్గర మొదలైన పరీక్ష మన గూడేనికి ఎప్పుడొస్తుంది?



వానాకాలం వచ్చిందంటే మన గూడేల్లో విషజ్వరాలే. పోయిన ఏడాది మా ఊళ్లో ఒక పాపకు రక్తం తీసి పట్నం పంపారు. డెంగ్యూ అని రిపోర్టు వచ్చేసరికి తొమ్మిది రోజులైంది. పాప బతికింది, అదృష్టం. కానీ అదృష్టం మీద నడిచేదాన్ని వైద్యం అంటామా?

క్రిస్పర్ పేరు మీరు వినే ఉంటారు. జన్యువుల్ని కత్తిరించే కత్తెర అది. నిజానికి బ్యాక్టీరియాలు తమ మీదికొచ్చే వైరస్‌లను గుర్తుపట్టి ముక్కలు చేసే ఆయుధం. దేన్ని వెతకాలో ఆనవాలు ఇస్తే దాన్నే పట్టుకుంటుంది. 2017లోనే అమెరికా శాస్త్రవేత్తలు దీంతో జికా, డెంగ్యూ వైరస్‌లను పట్టి చూపించారు.

మన దేశంలోనూ ఢిల్లీ ఐజీఐబీలో దేబొజ్యోతి చక్రవర్తి, సౌవిక్ మైతి బృందం కరోనాకు 'ఫెలూదా' పరీక్ష తయారుచేసింది. 2020 సెప్టెంబర్‌లో అనుమతి వచ్చింది. ప్రెగ్నెన్సీ టెస్టులో లాగా కాగితం పట్టీ మీద గీత పడుతుంది. మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటుంది. కరోనాకు ముందు ఆ బృందం పనిచేస్తున్నది సికిల్ సెల్ మీద. ఆదివాసీల్లో ఎక్కువగా కనిపించే జబ్బు మీద!

మరి అలాంటి పరీక్ష మన సబ్‌సెంటర్‌లో ఎందుకు లేదు? గీత కాగితం మీదే పడుతుంది. కానీ అంతకుముందు శాంపిల్‌లోంచి ఆర్‌ఎన్‌ఏ తీయాలి, పీసీఆర్ మిషన్‌లో పెంచాలి. కరెంటు కావాలి, టెక్నీషియన్ కావాలి. గంటలో తేలే పరీక్షే కావచ్చు, ల్యాబ్ 60 కిలోమీటర్ల దూరంలో ఉంటే అది మనకు గంట పరీక్ష ఎట్లా అవుతుంది?

అందుకే మనం అడగాల్సింది మూడు. మిషన్ లేకుండా, ఫ్రిజ్ లేకుండా ఆశా కార్యకర్త చేయగలిగే పరీక్ష కోసం పరిశోధన జరగాలి. డెంగ్యూ లాంటి మన జ్వరాలతోనే అది మొదలవ్వాలి. మన రక్తం తీసుకునే ముందు ఎందుకో కోయలో, గోండిలో, కువిలో, సవరలో, ఎవరి భాషలో వాళ్లకు చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి.

సైన్సు మనది కాదని దూరం జరగొద్దు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బయోటెక్నాలజీ చదవండి. శాంపిల్ ఇచ్చే చేతులుగానే ఎన్నాళ్లుంటాం? పరీక్ష తయారుచేసే చేతులు కూడా మనవి కావాలి.

జై ఆదివాసీ!