ముఖం నాణెం మీద, నేల ఎవరి చేతిలో?



2024 నవంబర్ 15న బిర్సా ముండా 150వ జయంతి ఏడాది మొదలైంది. ఆ రోజు కేంద్ర ప్రభుత్వం ఆయన పేరున స్మారక నాణెం, తపాలా బిళ్ళ విడుదల చేసింది. "మనోడి బొమ్మ నాణెం మీదకెక్కింది, ఇంతకన్నా గౌరవం ఏముంది, బంగారు నాణెం కూడా వెయ్యాలి" అంటున్నారు కొందరు అన్నలు. ఆ మాట మీదే నా పేచీ.

బంగారు నాణెం సంగతి అమెరికాలో చూద్దాం. 2006లో అక్కడి టంకశాల 24 క్యారెట్ల నాణెం తెచ్చింది. ఒకవైపు అడవిదున్న, ఇంకోవైపు ఆదివాసీ ముఖం. 1913 నాటి ఐదు సెంట్ల నాణెం మీది బొమ్మలే అవి. ఆ ముఖానికి శిల్పి నమూనాగా తీసుకున్నవాళ్ళలో సూ తెగ పెద్ద ఐరన్ టెయిల్ ఒకరు.

ఇప్పుడు ఆ సూ జనం కథ వినండి. బ్లాక్ హిల్స్ కొండలు మీవేనని 1868లో అమెరికా ఒప్పందం రాసిచ్చింది. 1874లో సైన్యం పోయి అక్కడ బంగారం ఉందని చెప్పింది. 1877 కల్లా కొండలు లాగేసుకున్నారు. 1980లో సుప్రీంకోర్టు పరిహారం కట్టాల్సిందేనంది, 10 కోట్ల డాలర్లకు పైనే. సూ జనం ఆ డబ్బు ముట్టుకోలేదు. మా కొండలు మాకివ్వండి అన్నారు. ఇప్పటికీ అదే మాట.

బంగారం ఉన్న కొండ గుంజుకున్న దేశమే బంగారం మీద వాళ్ళ ముఖం ముద్రించుకుంది. ప్రతిష్ఠ దేశానికొచ్చింది. ముఖం ఇచ్చినోళ్ళకి ఏమొచ్చింది?

"బిర్సా అంటే గౌరవం లేదా" అని తిట్టకండి. ఉంది కాబట్టే అడుగుతున్నా. ఆయన నేల కోసం కొట్లాడి, 1900లో, పాతికేళ్ళు నిండకుండానే రాంచీ జైల్లో ప్రాణం విడిచారు. ఆ పోరాటం తర్వాతే 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం వచ్చింది. ఆయనకి అసలైన స్మారకం అది. మనకి 1/70 చట్టం ఉంది, 1997 సమతా తీర్పు ఉంది. స్మారక నాణెం సంతలో చేతులు మారదు, డబ్బాలో దాచుకుంటారు. మన చట్టాల్ని కూడా డబ్బాలో పెట్టేస్తే ఎవరికి లాభం?

మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదలు. అమ్మానాన్న చదవలేని భూమి కాగితం నేను చదవగలను. మీలో చాలామందీ అంతే. సెలవులకి ఊరెళ్ళినప్పుడు అడంగల్, పహాణీ తీయించండి. మన భూమి ఎవరి పేరున ఉందో, ఎవరు దున్నుతున్నారో చూడండి. చూసి ఇక్కడ రాయండి. నాణెం ఫొటో తర్వాత పెట్టుకుందాం.

జై బిర్సా!