కంచె కాదు, సరిహద్దే అడ్డు

ఫిబ్రవరిలో అబుదాబి. మార్చిలో అమెరికాలోని ఒకాలా. ఎండలు ముదిరాక స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్, ఆ వెంటనే నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్. అక్టోబరులో బార్సిలోనాలో ఫైనల్. అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య 2024లో మొదలుపెట్టిన ‘లీగ్ ఆఫ్ నేషన్స్’ షో జంపింగ్ సీజన్ నడిచే దారి ఇది. 1909లో మొదలైన నేషన్స్ కప్ సంప్రదాయానికి ఇది కొత్త రూపు. ర్యాంకింగ్‌లో ముందున్న 10 దేశాలకే ఇందులో చోటు. ఆ పదిలో భారత్ లేదు. దగ్గర్లో చేరే సూచనా లేదు.

ఎందుకు లేదంటే చాలామంది చెప్పే కారణం ఒక్కటే: అది డబ్బున్నవాళ్ల ఆట. ఆ మాట అబద్ధం కాదు గానీ, సగమే నిజం. డబ్బున్నవాళ్లకు ఈ దేశంలో కొదవ లేదు. గుర్రాలను దూకించగల సైనికులకూ పోలీసులకూ లేదు. లేనిదల్లా మన గుర్రం విదేశీ మైదానానికి వెళ్లి తిరిగి వచ్చే దారి. ఆ దారి పడాల్సింది స్టేడియంలో కాదు, పశువైద్య ప్రయోగశాలలో. ఇది అర్థం కావాలంటే ముందు ఆట లెక్క తెలియాలి.

జట్టుకు నలుగురు రైడర్లు, నాలుగు గుర్రాలు. అడ్డంకులు 1.60 మీటర్ల ఎత్తు దాకా ఉంటాయి. కర్ర పడితే 4 పెనాల్టీ పాయింట్లు, గుర్రం మొరాయించి ఆగిపోతే మరో 4. సమయం మించితే అదనపు వడ్డింపు. రైడర్ కింద పడ్డాడా, ఆ జోడీ పోటీ అంతటితో సరి. మొదటి రౌండులో నలుగురూ దిగినా ముగ్గురి లెక్కే తీసుకుంటారు, అందరికన్నా ఎక్కువ పెనాల్టీలు తెచ్చిన రైడర్‌ని లెక్కలోంచి తీసేస్తారు. నలుగురూ వరసగా 0, 4, 8, 16 తెస్తే జట్టు ఖాతాలో పడేది 12. లీగ్‌లో రెండో రౌండుకు చేరే 8 జట్లూ ముగ్గురినే దింపాలి. అప్పుడు తీసివేతలు ఉండవు, ప్రతి కర్రా లెక్కకొస్తుంది. ఏ గుర్రం అలసింది, ఏది నీటి గుంటను చూసి బెదురుతోంది, ఎవరిని కూర్చోబెట్టాలి అన్నవి విరామంలోనే తేల్చుకోవాలి. జట్టు మేనేజరు పనితనమంతా అక్కడే బయటపడుతుంది.

ఒక్క మేటి రైడర్‌తో, ఒక్క మేలుజాతి గుర్రంతో ఇక్కడ బండి నడవదు. 1932 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో జపాన్ సైనికాధికారి తకేయిచి నిషి ‘ఉరానస్’ అనే గుర్రం మీద వ్యక్తిగత స్వర్ణం గెలిచాడు. జట్టు పతకం మాత్రం ఆ ఏడాది ఎవరికీ ఇవ్వలేదు. ముగ్గురు రైడర్లూ కోర్సు పూర్తి చేసిన దేశం ఒక్కటీ లేకపోవడమే కారణం. టోక్యో క్రీడల నుంచి ఒలింపిక్స్ నిబంధన ఇంకా బిగిసింది. జట్టుకు ముగ్గురే, ముగ్గురి లెక్కా ఖాయం. టోక్యోలో స్వీడన్, 2024 పారిస్ క్రీడల్లో బ్రిటన్ ఆ గండం దాటి స్వర్ణాలు పట్టుకెళ్లాయి. ఈ జట్లను తయారుచేసేది ఏడాది పొడవునా సాగే సీజనే. ఈ వారం ముదురు గుర్రానికి విశ్రాంతి, వచ్చే వారం లేత గుర్రానికి పరీక్ష. ఒక మైదానంలో తడబడిన జోడీకి మరో మైదానంలో సర్దుకునే వీలు. అలా తిరగాలంటే గుర్రాలు దేశాల మధ్య స్వేచ్ఛగా ప్రయాణించగలగాలి. మన దగ్గర కథ అడ్డం తిరిగేది ఇక్కడే.

1982 ఢిల్లీ ఆసియా క్రీడలను గుర్తు చేసుకుంటే విషయం తేటపడుతుంది. సైన్యంలోని 61వ కావల్రీకి చెందిన రఘుబీర్ సింగ్ ‘షాజాదా’ అనే గుర్రంపై ఈవెంటింగ్‌లో వ్యక్తిగత స్వర్ణం గెలిచాడు. జట్టు స్వర్ణమూ మనకే వచ్చింది. పోటీ ఇంటిదగ్గరే కాబట్టి మన గుర్రాలకు సరిహద్దు అడ్డు రాలేదు. అశ్వక్రీడల్లో మళ్లీ స్వర్ణం రావడానికి 41 ఏళ్లు పట్టింది. 2023లో హాంగ్‌ఝౌ క్రీడల్లో అనుష్ అగర్వాల్లా, హృదయ్ ఛేడా, దివ్యాకృతి సింగ్, సుదీప్తి హజేలా డ్రెసాజ్ జట్టు విభాగంలో 209.205 పాయింట్లతో చైనాను రెండో స్థానానికి నెట్టారు. నలుగురూ యూరప్‌లో ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లే, వాళ్ల గుర్రాలూ అక్కడివే. టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానంలో నిలిచిన ఫవాద్ మీర్జా కూడా ‘సెన్యోర్ మెడికాట్’తో యూరప్‌లోనే సిద్ధమయ్యాడు. కుటుంబమో కంపెనీయో అండగా నిలిస్తే ఒకరిద్దరు రైడర్లు ఇలా పరాయి గడ్డపై నిలదొక్కుకోగలరు. నలుగురి జట్టుకు, పైగా ఎనిమిదో పదో గుర్రాలకు, సీజన్ మొత్తం అలా నడపడం ఎవరి తరమూ కాదు. షో జంపింగ్ జట్టు విభాగంలో భారత్‌కు ఆసియా స్వర్ణం ఇప్పటికీ లేదు.

గుర్రాలకు సరిహద్దు ఎందుకంత కఠినం? గ్లాండర్స్, సర్రా, అశ్వ ఇన్‌ఫ్లుయెంజా, పైరోప్లాస్మోసిస్, అంటు రక్తహీనత వంటి జబ్బులు లేవని నమ్మకంగా నిరూపించని దేశం నుంచి గుర్రాన్ని రానివ్వడానికి ఎవరూ ఒప్పుకోరు. ఈ కట్టడి ముందు ఒలింపిక్స్ కూడా తలవంచింది. 1956లో మెల్‌బోర్న్ క్రీడలకు ఆస్ట్రేలియా తన క్వారంటైన్ నిబంధన సడలించలేదు. దాంతో అశ్వక్రీడలు ఆ ఏడాది జూన్‌లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జరిగాయి, మిగతా క్రీడలు నవంబరులో మెల్‌బోర్న్‌లో. 2008లో బీజింగ్ క్రీడల గుర్రాలన్నీ హాంకాంగ్‌లో దిగాయి. చైనా ఆ అనుభవంతో మేల్కొంది. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల కోసం కాంగ్‌హువా దగ్గర వ్యాధిరహిత అశ్వ మండలాన్ని తీర్చిదిద్దింది. క్రీడలు ముగిసినా ఆ ఏర్పాటు చెక్కుచెదరలేదు. హాంకాంగ్ జాకీ క్లబ్ 2018లో అక్కడే పెద్ద శిక్షణ కేంద్రం తెరిచింది.

మన దేశమూ ఆలస్యంగానైనా ఆ దారి పట్టింది. మేరఠ్ కంటోన్మెంట్‌లో సైన్యానికి చెందిన రీమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రంలోని వ్యాధిరహిత అశ్వ కంపార్ట్‌మెంట్‌ను 2025 జూలైలో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తించింది. దేశమంతా జబ్బులేమీ లేవని నిరూపించనక్కర్లేదు. ఒక ప్రాంగణాన్ని బయటి పశువుల నుంచి పూర్తిగా వేరుచేసి, ప్రతి గుర్రానికీ క్రమం తప్పకుండా పరీక్షలు జరిపి, రికార్డు చూపిస్తే చాలు. పతకాల వార్తల మధ్య ఈ వార్త ఎవరికీ పెద్దగా పట్టలేదు. షో జంపింగ్ భవిష్యత్తుకు మాత్రం ఒక పతకం కన్నా ఇదే ముఖ్యం.

ఈ చర్చలో తెలంగాణకు, అందులోనూ పాలమూరు మెట్టప్రాంతానికి ఏం పని అనిపించవచ్చు. చరిత్ర వేరే మాట చెబుతోంది. ఇది సంస్థానాల గడ్డ: అమరచింత సంస్థానానికి కేంద్రమైన ఆత్మకూర్ ఇప్పుడు వనపర్తి జిల్లాలోనే ఉంది. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతో 19వ శతాబ్దంలో అశ్విక దళాన్ని కూర్చుకున్నది వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు. ఆ దళం తర్వాత నిజాం కొలువుకు చేరింది, హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ బస్తీకి ఆ పేరు వాళ్లవల్లే వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనా రంగంలో పోరాడిన మూడు సంస్థానాల దళాల్లో హైదరాబాద్ లాన్సర్స్ ఒకటి. ఢిల్లీలో 1922లో నిలిపిన తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి వాళ్ల స్మారకమే. 1886లో గుర్రప్పందేలను మౌలాలి నుంచి మలక్‌పేటకు తెచ్చిన నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరుమీదే పాలమూరు మహబూబ్‌నగర్ అయింది.

ఇప్పుడు ఆ వారసత్వం ప్రహరీల లోపల ఉంది. 1975లో మౌంట్ ఆబూ నుంచి హైదరాబాద్ శివరాంపల్లికి వచ్చిన జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణార్థులు గుర్రపు స్వారీ నేర్వాల్సిందే. నగర పోలీసులకు అశ్విక దళం ఉంది, మలక్‌పేటలో రేస్ క్లబ్ ఉంది, శివార్లలో ప్రైవేటు రైడింగ్ స్కూళ్లున్నాయి. పల్లెపిల్లవాడికి మాత్రం గుర్రం కనబడేది పెళ్లి బరాత్‌లోనే. దేశంలో గుర్రాలు, పోనీల సంఖ్య 2012లో సుమారు 6.2 లక్షలు, 2019 పశుగణన నాటికి 3.4 లక్షలు. గాడిదలు 3.2 లక్షల నుంచి 1.2 లక్షలకు పడిపోయాయి. ఆటకు పునాది కావాల్సిన పశుసంపదే ఇలా తరిగిపోతోంది.

వలసలకు పేరుపడ్డ పాలమూరులో, బడికి ఆటస్థలమే దిక్కులేని చోట, గుర్రాల ఆట గురించి ప్రభుత్వ ఖర్చు అడగడం న్యాయమా? ప్రశ్న సబబైనదే. కోట్లు పోసి షో జంపింగ్ స్టేడియం కడతామంటే వద్దనే చెప్పాలి. కానీ రోగ నిఘా ఖర్చు అలాంటిది కాదు. గ్లాండర్స్ గుర్రం నుంచి మనిషికీ సోకే జబ్బు. దానికి టీకా లేదు, నిర్ధారణ అయితే చట్టప్రకారం ఆ పశువును చంపాల్సిందే. అది రేసుగుర్రాన్ని ఎంత పట్టుకుంటుందో బరాత్ గుర్రాన్ని, చాకలి గాడిదను, ఇటుక బట్టీ కంచరగాడిదను అంతే పట్టుకుంటుంది. రేసుగుర్రం యజమానికి బీమా ఉండవచ్చు, బరాత్ గుర్రం మీద బతికేవాడికి ఆ పశువే బతుకుతెరువు. ఒలింపిక్ గుర్రం కోసం చేసే రక్తపరీక్షే ఈ పేదవాడి పశువునూ కాపాడుతుంది. క్రీడాఖర్చూ ప్రజారోగ్య ఖర్చూ ఒకే ఖాతాలో పడే అరుదైన సందర్భం ఇది.

చేయదగ్గ పనులు చేతికందే దూరంలోనే ఉన్నాయి. పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న రాజేంద్రనగర్‌కు పోలీసు అకాడమీ పక్కనే. ఈ రెంటినీ సైన్యంతో కలిపి ఒక ఒప్పందంలోకి తెస్తే మేరఠ్ తరహా కంపార్ట్‌మెంట్‌కు పునాది దొరుకుతుంది. అది సిద్ధమయ్యేదాకా గుర్రం కదలకుండానే అంతర్జాతీయ పోటీలో దిగే మార్గం ఒకటుంది. అంతర్జాతీయ సమాఖ్య నిర్వహించే వరల్డ్ జంపింగ్ చాలెంజ్‌లో ఒకే నమూనా కోర్సును ఒక్కో దేశం తన మైదానంలో కట్టుకుంటుంది, ఫలితాలను ప్రపంచవ్యాప్తంగా పోల్చిచూస్తారు. దాని అంచెను హైదరాబాద్‌లో క్రమం తప్పకుండా నడిపితే రైడర్లకు సీజన్ అలవాటవుతుంది. హకీంపేట క్రీడా పాఠశాల జిల్లాల నుంచి నాలుగో తరగతి పిల్లలను ఎంపిక చేస్తుంది. పోనీ ఎక్కడానికి అది సరైన వయసు. అక్కడ నాలుగు పోనీలు, ఒక శిక్షకుడు ఉంటే ఆత్మకూర్ పిల్లకు ఈ ఆట తలుపు తెరుచుకుంటుంది. పైగా ఇందులో ఆడ, మగ ఒకే బరిలో పోటీపడతారు.

భారత్ 2036 ఒలింపిక్స్ ఆతిథ్యం కోసం 2024 అక్టోబరులోనే లేఖ రాసింది. ఆ క్రీడలు మనకే దక్కితే దేశదేశాల గుర్రాలు ఇక్కడికి రావాలి, తిరిగి వాళ్ల దేశాలకు చేరాలి. వ్యాధిరహిత ప్రాంగణాలు సరిపడా లేకపోతే మెల్‌బోర్న్‌కు ఎదురైన పరిస్థితే మనకూ వస్తుంది. మేరఠ్ తర్వాత రెండోది ఎక్కడన్న ప్రశ్న తలెత్తినప్పుడు తెలంగాణ పశుసంవర్ధక శాఖ దగ్గర జిల్లాలవారీగా గుర్రాలు, గాడిదల జాబితా, ఏళ్ల తరబడి రక్తపరీక్షల రికార్డు ఉండాలి. ఆ లెక్కను వనపర్తి లాంటి చిన్న జిల్లాలో ఈ ఏడాదే మొదలుపెట్టడానికి కొత్త చట్టం అవసరం లేదు. ఉన్న పశువైద్యులకు ఒక ఉత్తర్వు, నమూనాలు పంపడానికి కొంత నిధి ఉంటే సరిపోతుంది.