దసరాకు ఊరికి పోకముందే లెటర్ అడగాలె



రికమెండేషన్ లెటర్ లాస్ట్ డేట్‌కు రెండు వారాల ముందు అడిగితే చాలని సీనియర్లు చెప్తున్నరు. ప్రొఫెసర్‌తో ఇంట్ల మనిషిలెక్క మాట్లాడేటోళ్లకు అది సరిపోతదేమో. మనకు సరిపోదు.

ఇప్పటిదాకా మనం వచ్చిన దారిలో ఈ లెటర్ ఎవరూ అడగలేదు. గురుకులం సీటైనా, దోస్త్ అయినా, ఎంసెట్ కౌన్సెలింగ్ అయినా మార్కులు, ర్యాంకు, కులం, ఆదాయం సర్టిఫికెట్లతో పని అయిపోయింది. ఆ సర్టిఫికెట్ ఆలస్యమైతే మీసేవ రసీదు పట్టుకుని తహసీల్దార్ ఆఫీసులో అడగొచ్చు. సార్ రాసే లెటర్‌కు రసీదు లేదు. ఆయన మర్చిపోతే మళ్లీ గుర్తుచేసే ధైర్యం మనలో ఎంతమందికి ఉంది? మా ఇంట్ల కాలేజీకి వచ్చింది నేనే మొదలు. స్టాఫ్ రూమ్ తలుపు కొట్టాలంటే ఇప్పటికీ పది నిమిషాలు వరండాలో తిరుగుత.

అమెరికాలో ఎంఎస్, ఎంపీహెచ్ లాంటి కోర్సులకు ఎక్కువ యూనివర్సిటీలు రెండు మూడు లెటర్లు అడుగుతయ్. ఆగస్టులో మొదలయ్యే కోర్సుకు గడువు చాలాచోట్ల అంతకుముందు డిసెంబర్, జనవరిలోనే ముగుస్తది. మన దగ్గర బతుకమ్మ, దసరా సెలవులకు క్యాంపస్ ఖాళీ. తర్వాత పరీక్షలు, పేపర్లు దిద్దుడు. రెండు వారాల లెక్క పట్టుకుంటే సరిగ్గా ఆ గోలలో పోయి పడతం. అందుకే ఊరికి బస్సెక్కకముందే అడగాలె.

ఇంకో సంగతి. మన ఓయూలో కాంట్రాక్ట్, పార్ట్‌టైమ్ సార్లు, మేడమ్‌లు చాలామంది ఉన్నరు. మనల్ని పేరు పెట్టి పిలిచేది ఎక్కువసార్లు వాళ్లే. వచ్చే ఏడు వాళ్లు ఇక్కడ ఉంటరో లేదో. అప్లై చేసేది రెండేండ్ల తర్వాతైనా, సబ్జెక్టు అయిపోయిన నెలలోనే చెప్పి పెట్టుకోవాలె. ఏం ప్రాజెక్టు చేసినం, ఎన్ని మార్కులొచ్చినయ్, ఒక పేజీ రాసి మెయిల్ చేయాలె. తార్నాక ఐఐసీటీలో ప్రాజెక్టు చేసేటోళ్లు కూడా చివరి రోజు సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవద్దు, గైడ్‌ను అప్పుడే అడగండి.

హెచ్‌వోడీ సంతకం ఉంటేనే బరువు అంటరు కొందరు. మన ముఖం తెల్వని హెచ్‌వోడీ "మంచి నడవడిక గల విద్యార్థి" అని రాస్తే అది కాండక్ట్ సర్టిఫికెటే. మన పని చూసిన పార్ట్‌టైమ్ మేడమ్ రాసిన పేజీ నయం. కాకపోతే కొన్ని యూనివర్సిటీలు టీచర్ కాలేజీ మెయిల్ ఐడీనే అడుగుతయ్, అది ముందే కనుక్కోవాలె.

ఇదంతా ఎందుకంటే, అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్టీలకు 20 లక్షల దాకా వస్తది, కానీ ముందు అడ్మిషన్ చేతిలో ఉండాలె. అడ్మిషన్‌కు లెటర్ కావాలె. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దేశం మొత్తంలో ఎస్టీలకు ఏడాదికి 20 మాత్రమే. అందులో 3 పీవీటీజీలకు. మన చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ 3 సంగతి యాది పెట్టుకోండి.

లా, ఎంబీఏకు అప్లై చేసిన అన్నలు, అక్కలు ఎవరన్నా ఉంటే, లెటర్ ఏ నెలలో అడిగిన్రు, ఏ నెలలో చేతికొచ్చింది, కింద రాయండి. ఈ ఏడు మా హాస్టల్‌లో నలుగురు అప్లై చేస్తున్నరు.