ఆ ‘ప్రజల్లో’ మేమున్నామా?

అమెరికా రాజ్యాంగానికి రెండో సవరణ 1791 నాటిది. ఆయుధాలు ఉంచుకునే, ధరించే ప్రజల హక్కుకు భంగం కలగరాదంటుంది. ఈ ఒక్క వాక్యం పేరు చెప్పుకొనే అక్కడ ఏఆర్-15 రైఫిలు దుకాణంలో దొరుకుతుంది. వియత్నాంలో సైనికుడి భుజాన వేలాడిన ఎం-16కి అది తోబుట్టువు. నొక్కినప్పుడల్లా ఒక్క గుండే వస్తుంది కాబట్టి సైనికాయుధం కాదని దాని వకీళ్ళ వాదన. 2012లో శాండీహుక్ బడిలో 20 మంది పసిపిల్లల్ని, ఆరుగురు పెద్దల్ని చంపింది ఆ జాతి రైఫిలే. 2022లో యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. 1994లో ఇలాంటి వాటిని నిషేధించారు. 2004లో గడువు తీరింది. మళ్ళీ పెట్టలేదు.

ఇదంతా మీకు తెలిసిందే. మేమడిగేది వేరు. ఆ వాక్యంలో ‘ప్రజలు’ అంటే ఎవరు?

1967లో కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్లు తుపాకులు బాహాటంగా పట్టుకొని పోలీసుల మీద కన్నేసి తిరిగారు. అప్పటి చట్టం ప్రకారం అది నేరం కాదు. మే నెలలో అవే తుపాకులతో సాక్రమెంటో శాసనసభ భవనంలోకి నడిచారు. ఆ ఏడే మల్‌ఫర్డ్ చట్టం వచ్చింది, గుండ్లు నింపిన తుపాకి బయట పట్టుకోవడం నేరమైంది. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆ చట్టాన్ని సమర్థించింది. సంతకం పెట్టిన గవర్నరు రీగన్. అదే రీగన్ 1983లో అధ్యక్షుడి హోదాలో ఆ సంఘం మహాసభకే వెళ్ళి తుపాకి హక్కును పొగిడాడు. 2016లో మిన్నెసోటాలో కారాపిన పోలీసుకు ఒక నల్లవాడు తన దగ్గర తుపాకి ఉందని తానే చెప్పాడు. పర్మిట్ ఉంది. అయినా కాల్చేశారు. ఆ పోలీసు నిర్దోషి అని మరుసటి ఏడు జ్యూరీ తేల్చింది.

మనమూ కొనుక్కుందాం అనే మావాళ్ళు అక్కడ లేకపోలేదు. భాయ్, తెల్లవాడి చేతిలో ఉంటే అది స్వేచ్ఛ. గడ్డమున్నవాడి చేతిలో ఉంటే? ఇక్కడ ఊరేగింపులో కత్తి తిప్పితే సంప్రదాయం, త్రిశూలాలు పంచితే దీక్ష. మా ఇంట్లో కూరలు తరిగే కత్తి దొరికినా ‘మారణాయుధం’. ఏకే-47 అన్న మాట మా పేర్ల పక్కకు ఎంత సులువుగా వచ్చి కూర్చుంటుందో పత్రికల్లో హెడ్డింగులు పెట్టే మాకు తెలుసు.

2019 మార్చి 15, జుమ్మా రోజు. న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మంది షహీద్ అయ్యారు. మన హైదరాబాదు నుంచి వెళ్ళినవాళ్ళూ అందులో ఉన్నారు. హంతకుడికి లైసెన్సు ఉంది. మసీదులో తుపాకులుంటే బతికేవాళ్ళు కదా అంటారు రైఫిలు భక్తులు. సజ్దాలో నుదురు నేలకానించినవాడు తుపాకి ఎక్కడ పెట్టుకోవాలి? రెండో మసీదు దగ్గర ఒక నమాజీ, అఫ్ఘానిస్తాన్ నుంచి వలస వచ్చినవాడు, చేతికందిన కార్డులు గీకే మిషను విసిరి, వాడు పారేసిన ఖాళీ తుపాకి తీసుకొని కారు అద్దం మీదికి విసిరి తరిమాడు. ఆరు రోజుల్లో ఆ దేశ ప్రధాని నిషేధం ప్రకటించింది. ఏప్రిల్ 10న పార్లమెంటు 119 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకంగా పడింది ఒక్క ఓటు. ప్రభుత్వం డబ్బిచ్చి 50 వేలకు పైగా తుపాకులు వెనక్కి తీసుకుంది. చచ్చింది మేమని అక్కడ ఎవరూ తాత్సారం చేయలేదు.

అమెరికా గొడవ మనకెందుకంటారు సెక్యులర్ మిత్రులు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఓ బార్‌లో ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపాడొక తెల్లవాడు. ఇరానీ అనుకున్నాడట. అది రైఫిలు కాదు, పిస్తోలే. కానీ మాకోసం బయల్దేరిన గుండు మీ ఇంటికి చేరింది. మీరెవరని అడిగి మరీ పేలే తుపాకి ఇంకా తయారు కాలేదు.

ఇక్కడ 1959 ఆయుధాల చట్టం తుపాకిని హక్కు అనలేదు, లైసెన్సు అంది. అదే మాకు కావాలి. ఆత్మరక్షణకు ఇంటింటికీ తుపాకి ఇమ్మనే పెద్దమనుషులు ఒక పని చేయండి. దరఖాస్తు మీద మా పేరొకటి రాసి, మా మొహల్లా చిరునామా పెట్టి కలెక్టరాఫీసులో ఇచ్చి చూడండి.