కూర్చునే హక్కు కల్పించండి

ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ మంత్రి గారికి,

ఖాజీపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి, మైదుకూరు మీదుగా ప్రొద్దుటూరు బట్టల కొట్లకు పనికెళ్లే ఆడవాళ్ల కోసం ఈ లేఖ రాస్తున్నాను. చీరల మడతలు విప్పి చూపించాలి, మళ్లీ మడిచి అరల్లో సర్దాలి. అంతా నిలబడే. బేరాలు లేని వేళ కూడా చాలాచోట్ల కూర్చోనివ్వరు. ఇల్లు చేరేసరికి పాదాలు వాచిపోతాయి.

2025లో మన ప్రభుత్వం చట్టాన్ని సవరించి దుకాణాల్లో రోజు పనిని 8 గంటల నుంచి 10 గంటలకు పెంచింది. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది. కానీ హాజరు పుస్తకమే లేని కొట్టులో ఆ లెక్క చూసేదెవరు?

కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణ సిబ్బందికి కూర్చునే వసతి తప్పనిసరి చేస్తూ చట్టాలు చేశాయి. పని గంటలు పెంచిన మన రాష్ట్రంలో ఆ అవసరం ఇంకా ఎక్కువ.

అయ్యా, ప్రతి కొట్టులో పనివారికి కుర్చీలు వేయించండి. పని వేళలు గోడమీద రాయించండి. అదనపు గంటలకు రెట్టింపు జీతం ఇప్పించండి. మీ అధికారులను పండగ సీజన్‌లో, రాత్రి వేళ తనిఖీకి పంపండి. వ్యాపారం పెరగాలి, కానీ ఆడబిడ్డల ఆరోగ్యం పణంగా పెట్టి కాదు.

ఇట్లు,
ఖాజీపేట వాసి