ఒప్పుకున్నాక లాయర్ ఎందుకు?

ఎథిక్స్ క్లాసులో సత్యం కేస్ స్టడీ నడుస్తోంది. 2009 జనవరి 7న రామలింగరాజు, కంపెనీ లెక్కల్లో చూపించిన వేల కోట్లు అసలు లేవని తనే ఉత్తరం రాసి ఒప్పుకున్నారని మేడం చెప్పారు. నేను చెయ్యెత్తాను. "ఒప్పుకున్నాక ఇంక లాయర్ ఎందుకు మేడం? డైరెక్ట్‌గా జైలే కదా!" క్లాసంతా నవ్వింది. నాకూ గొప్పగానే అనిపించింది.

ఆ గొప్ప వినాయక చవితి దాకానే.

మా అపార్ట్‌మెంట్ చందాలు ఈసారి నా ఫోన్‌పేకి వచ్చాయి. పండగయ్యాక చూస్తే లెక్కలో 6,200 రూపాయలు తక్కువ. సెల్లార్‌లో మీటింగ్ పెట్టారు. "కుర్రాడు కదా, చేతిలో డబ్బాడితే అంతే" అన్నారు పుస్తకం రాసే అంకుల్. నాకు నోరు పెగల్లేదు. ఎలాగైనా అక్కణ్ణుంచి బయటపడాలని "పోనీ నేనే కట్టేస్తాలెండి అంకుల్" అనేశాను. అంటే ఒప్పేసుకున్నట్టే!

మూడో ఫ్లోర్ ఆంటీ బ్యాంకులో చేస్తారు. "నువ్వాగు. ముందు స్టేట్‌మెంట్ తియ్యి" అన్నారు. గంట కూర్చుంటే తేలింది, మండపం అతనికి నేను పంపిన అడ్వాన్సు పుస్తకంలో ఎక్కలేదని. ఎక్కించాల్సింది ఆ అంకులే.

ఆ రాత్రి సత్యం కేసు గురించి మళ్ళీ చదివాను. ఆ ఉత్తరంలో, బోర్డు సభ్యులెవరికీ ఈ విషయం తెలియదని ఉంది. కానీ 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు మేనేజింగ్ డైరెక్టర్‌గా ఉన్న ఆయన తమ్ముణ్ణి కూడా దోషిగా తేల్చింది. ఉత్తరాన్నే తీర్పు అనుకుని ఉంటే కథ అక్కడే ముగిసిపోయేది. 226 మంది సాక్షులు, 3,000కి పైగా పత్రాలు పరిశీలించాక ఎవరి పాత్ర ఎంతో తేలింది. ఆ సాక్షుల్ని, పత్రాల్ని ఎదురు ప్రశ్నించేవాడే డిఫెన్స్ లాయర్. మన భాషలో చెప్పాలంటే టెస్టింగ్. టెస్ట్ చెయ్యని కోడ్‌ని మనం నమ్మం కదా, టెస్ట్ చెయ్యని ఆరోపణని ఎందుకు నమ్మాలి?

ఇంకో సంగతి మన బ్రాంచి వాళ్ళకి. 7,561 దొంగ ఇన్‌వాయిస్‌లు తయారైంది కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే. 'సూపర్ యూజర్' లాగిన్‌తో వాటిని మామూలు ఉద్యోగులకి కనపడకుండా దాచారని దర్యాప్తులో తేలింది. దోషులు 10 మందిలో ఫైనాన్స్ విభాగం ఉద్యోగులు ముగ్గురు. ఛైర్మన్‌కీ, ఆ ముగ్గురికీ జైలు శిక్ష ఒకటే, 7 ఏళ్ళు. అది తప్పా ఒప్పా అనట్లేదు. రేపు మనం కూర్చోబోయేది ఛైర్మన్ కుర్చీలో కాదు, ఆ లాగిన్ ముందు అంటున్నాను.

"డబ్బున్నోళ్ళకి పెద్ద లాయర్లు, కేసులు ఏళ్ళకేళ్ళు" అని మా రూమ్మేట్ అంటాడు. నిజమే. తీర్పుకి ఆరేళ్ళు పట్టింది, నెల దాటగానే అప్పీల్లో శిక్ష నిలిపేశారు. షేర్లలో దాచుకున్నది పోగొట్టుకున్నవాళ్ళ కడుపు మండదా? మండుతుంది. కానీ పెద్దోడి లాయర్‌ని తీసేస్తే ముందు దెబ్బ తగిలేది చిన్నోడికే. ఫలానావాళ్ళ కేసు పట్టకూడదని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. జైల్లో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది. అది కాగితం మీద కాకుండా గట్టిగా అందాలని అడుగుదాం.

కంపెనీలో అంతర్గత విచారణ జరిగినప్పుడు మీ ముందు కూర్చునే లాయర్ ఎంత మర్యాదగా మాట్లాడినా ఆయన కంపెనీ లాయర్, మీ లాయర్ కాదు. అబద్ధం చెప్పొద్దు, ఒక్క మెయిల్ కూడా డిలీట్ చెయ్యొద్దు. చదవకుండా సంతకం పెట్టొద్దు. నా లాయర్‌తో మాట్లాడాలి అని అడగడానికి సిగ్గుపడొద్దు. అలా అడిగితే తప్పు చేసినట్టు కాదు.

మేడం, ఆ రోజు నా ప్రశ్నకి నేనే జవాబు రాసుకున్నాను. ఒప్పుకున్నాక కూడా లాయర్ కావాలి. నేను సెల్లార్‌లో ఒప్పుకున్నాను కదా మరి.